డ్రైవింగ్ మాస్టారి ఫిజిక్సు డిగ్రీ

జూన్ 2

ఇవాళ నా దగ్గర బండి నేర్చుకునే గుమాస్తా గారు కాలేజీ గేటు ముందు బండిని పదకొండుసార్లు ఆపేశారు. క్లచ్ మీది కాలు మెల్లగా తీయండంటే, కాలిన పెనం మీద నుంచి తీసినట్టు తీస్తారు. బండి ఒక్క ఊపు ఊగి ఆగిపోతుంది. ఆయన మళ్లీ తాళం తిప్పేదాకా గేటు మీది బోర్డు చదవడం తప్ప నాకు వేరే పని లేకపోయింది.

సాయంకాలపు డిగ్రీ. ఫిజిక్సు. మూడేళ్లు. వయసుతో పని లేదు. లెక్కల్లో ప్రవేశ పరీక్ష ఈ నెల 28న. దరఖాస్తుకు చివరి రోజు 16.

కావాలని చదవలేదు. పదకొండుసార్లు కళ్ల ముందుంటే ఎవరికైనా కంఠతా వస్తుంది.

సాయంత్రం మా డ్రైవింగు స్కూలు ఓనరు పిలిచాడు. రెండో బండి కొంటున్నాడట, సగం వాటా నన్ను పెట్టమంటాడు. "పద్దెనిమిదేళ్లయింది నా దగ్గర చేరి. ఇంకెన్నాళ్లు జీతగాడిగా ఉంటావయ్యా? నెలాఖరుకల్లా చెప్పు" అన్నాడు. చెప్పడానికేముంది, సరేనంటాను. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ కుట్టే మిషను ఆపి మరీ విన్నది. మామూలుగా నా మాటలకు ఆపదు.

జూన్ 3

కాలేజీ రోడ్డు వెడల్పుగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు మంచిది. ఇవాళ నలుగురినీ అటే తీసుకెళ్లాను.

జూన్ 5

కొత్తగా ఒకావిడ చేరారు. అరవై ఒకటి. ముప్పయ్యేళ్లు ఫిజిక్సు ప్రొఫెసరుగా చేసి నిరుడు రిటైరయ్యారట. ఇన్నాళ్లూ భర్త నడిపేవారు, ఆయనకు చూపు మందగించడంతో ఈ వయసులో నేర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పటికే ఒకసారి లైసెన్సు పరీక్ష తప్పారు. ఆ సంగతి పేరు కంటే ముందే చెప్పారు, నవ్వుతూ.

రివర్సు ఆవిడకు బొత్తిగా రాదు. వెనక్కి వెళ్లాల్సి వస్తే స్టీరింగు వదిలేసి చేతులు గాల్లో తిప్పుతూ ఆలోచిస్తారు. "ఆలోచించకండి మేడమ్, తిప్పండి" అంటే, "ఆలోచించకుండా నేనెప్పుడూ ఏదీ తిప్పలేదు మాస్టారూ" అంటారు. ప్రొఫెసరు గారు నన్ను మాస్టారూ అనడం చెవికి బాగానే ఉంది.

మాటల్లో నేనూ రెండేళ్లు ఫిజిక్సు చదివానన్నాను. "ఎందుకు ఆపేశారు?" అన్నారు. నాన్నకు బాగోక మానేశానని చెప్పాను. అందరికీ చెప్పేదే.

దిగేటప్పుడు ఊరికే అడిగాను, ఫిజిక్సు డిగ్రీ చదివితే లాభమేనా అని. ఎవరికోసమన్నారు. మా అమ్మాయికన్నాను. నోటికి అదే వచ్చింది.

జూన్ 9

ప్రొఫెసరు గారు జవాబు సిద్ధం చేసుకొచ్చారు. రెండో గేరులో నడుపుతూ చెప్పుకుపోయారు, మూడోది వేయమంటే వినరు.

"ఒట్టి డిగ్రీ కాగితం చూసి ఉద్యోగమిచ్చేవాళ్లు తక్కువ మాస్టారూ. దాని మీద ఇంకోటి చదవాలి. బడిలో చెప్పాలంటే టీచరు శిక్షణ. ఆసుపత్రిలో రోగులకిచ్చే రేడియేషను లెక్క చూసే పనుంది, జీతం బాగుంటుంది, కానీ ఇంకో మూడు నాలుగేళ్లు పడుతుంది. పరిశోధనంటే పదేళ్లు మర్చిపోవాలి."

"అయితే దండగంటారా?"

"అనలేదే! నా దగ్గర చదివినవాళ్లలో ఒకడు బీమా కంపెనీలో లెక్కలేస్తున్నాడు. ఒకమ్మాయి సినిమాలకు సౌండు చేస్తుంది. ఒకతను బేకరీ పెట్టాడు."

"బేకరీకి ఫిజిక్సెందుకండీ?"

"నేనూ అదే అడిగా. ఓవెను పాడైతే ఎవర్నీ పిలవక్కర్లేదన్నాడు." ఎర్రలైటు దాటేశారు. నేను నా కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కాను. ఆవిడ గమనించలేదు. "పద్దెనిమిదేళ్ల పిల్లకి ఓపికుంటే మంచి చదువే. మొదట్లో జీతం తక్కువ, పోనుపోను ఫరవాలేదు. అసలు ఆ పిల్లకి ఇష్టముందా? గురువారం తీసుకురండి, నేను మాట్లాడతా."

జూన్ 10

మా అమ్మాయికి చెప్పాలి.

జూన్ 11

కొత్త ఇయర్‌ఫోన్లకు ఒప్పుకుంది. ఊరికే వెనక సీట్లో కూర్చుని తలూపితే చాలని చెప్పాను.

జూన్ 12

మా అమ్మాయి కామర్సు చదువుతుంది. తలూపమంటే ఊపింది, పాపం, ఒక ఐదు నిమిషాలు.

"వెలుగు గురించి నీకు ఎక్కువ ఇష్టమా, వేడి గురించా?" అని ప్రొఫెసరు గారు అద్దంలోంచి అడిగారు.

అది నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"ఆంటీ, నిజం చెప్పేస్తా. ఇంట్లో ఫ్యూజు పోతే కూడా నేను నాన్నా అని అరుస్తా. నాకు ఫిజిక్సు వద్దు. రోజూ బోర్డు చూసొచ్చేది ఈయన. పాత పుస్తకాలు అటక మీంచి దించింది ఈయన. కారు డిక్కీలో స్టెప్నీ కింద దాచింది కూడా ఈయనే."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను చప్పున డిక్కీ వైపు తిరిగి చూశాను. ఇక దాచడానికేముంది.

ప్రొఫెసరు గారు నాలుగు రోడ్ల కూడలి నడిమధ్యలో బండి ఆపి నా వైపు తిరిగారు. వెనక హారన్లు మోగిపోతున్నాయి. "మీకా?"

"నాకేనండీ. ముందు బండి కదపండి."

"వయసెంత?"

"నలభై మూడు. మేడమ్, బస్సు వస్తోంది."

పక్కకు తీసుకున్నాక నవ్వడం మానేసి చెప్పారు. "అయితే లెక్క మారిపోతుంది. బయటికొచ్చేసరికి నలభై ఆరు. కొత్తవాళ్లని తీసుకునే చోట మీ వయసు చూసే ఆగిపోతారు. మహా అయితే బడిలో ల్యాబు అసిస్టెంటు, ఇప్పటికంటే తక్కువ జీతం. ఉద్యోగం కోసమైతే వద్దు. మొహమాటానికి అబద్ధం చెప్పలేను."

"ఉద్యోగం కోసం కాదండీ."

"మరి?"

మధ్యలో వదిలేశాను కదా, నాన్నకు బాగోక, అన్నాను. అది ఆవిడ అడిగినదానికి జవాబు కాదు. ఆవిడకూ తెలుసు.

దిగి నడుస్తుంటే మా అమ్మాయి అంది, "అమ్మకి నువ్వే చెప్పు. నేను చెబితే బాగోదు. వారం టైమిస్తున్నా."

జూన్ 13

చెప్పలేదు. మిషను బెల్టు తెగి మా ఆవిడ చిరాగ్గా ఉంది.

జూన్ 14

బెల్టు మార్చింది. సంతోషంగా ఉంది. ఎందుకు చెడగొట్టడమని చెప్పలేదు.

జూన్ 15

ఆదివారం. ఆదివారాలు ఇలాంటివి చెప్పరు.

జూన్ 16

దరఖాస్తు ఇచ్చేశాను. మధ్యాహ్నం రెండు పాఠాల మధ్య గంట ఖాళీ దొరికింది.

ఫారంలో ఒక గడి ఉంది. ఇంతకుముందు చదువు ఆపి ఉంటే కారణం రాయమని. అలవాటుగా రాసేశాను, తండ్రి అనారోగ్యం అని. కింద ఇంకో గడి. చివరగా రాసిన పరీక్ష మార్కుల కాగితం జతచేయాలి. అటక మీంచి పుస్తకాలతో పాటు అదీ దిగింది, కవరులో ఉంది. కవరు ఇన్నేళ్లూ విప్పలేదు.

లెక్కలు, రెండో సంవత్సరం. వందకు పంతొమ్మిది. తేదీ ఏప్రిల్.

నాన్న మెట్ల మీంచి జారిపడి మంచమెక్కింది ఆగస్టులో.

ఏప్రిల్ తర్వాత ఆగస్టు వస్తుంది. నేను ఇన్నేళ్లూ ఆగస్టును ముందు పెట్టుకున్నాను. మొదట ఎవరితోనో అన్నాను, తర్వాత అందరితో అన్నాను, ఆ తర్వాత నాకే గుర్తులేదు. ఈ పుస్తకంలో కూడా రాశాను, ఎవరూ చదవని దాంట్లో. రాసేటప్పుడు అబద్ధమని అనిపించలేదు. అదే వింతగా ఉంది.

కౌంటరు దగ్గర ఇంకో ఫారం అడిగాను. కాలేజీ గుమాస్తా విసుక్కుంటూ ఇచ్చింది. కారణం: లెక్కల్లో ఫెయిలయ్యాను.

ఆమె చదివి, "ఇంత నిజం ఎవరూ రాయరండీ" అని ముద్ర కొట్టింది.

జూన్ 17

చెప్పేశాను.

మా ఆవిడ బల్ల మీద బడి యూనిఫారాల గుడ్డ పరిచి కత్తిరిస్తోంది. ఏడాదికి నాలుగు వందల జతలు కుడుతుంది. కాలేజీ, పరీక్ష, ప్రొఫెసరు, దరఖాస్తు అన్నీ వరసగా చెప్పి, చివర్లో పంతొమ్మిది మార్కుల సంగతి చెప్పాను. కత్తెర ఆగలేదు.

"అది నాకు తెలుసు."

"ఎలా?"

"పెళ్లయిన కొత్తలోనే మామయ్య చెప్పారు. 'వాడు లెక్కల్లో తప్పాడమ్మా, నా కాలు విరిగిన ఖాతాలో వేసుకున్నాడు. పోనీలే, ఆ కాలు దేనికో ఒకదానికి పనికొచ్చింది' అని నవ్వారు."

నాన్నకు తెలుసన్నమాట. తెలిసి, తొమ్మిదేళ్లు నా ఎదురుగా ఆ మంచం మీద కూర్చుని, వచ్చినవాళ్లతో నేను ఆ మాట అంటుంటే తలూపారు.

ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. కోపం చదువు మీద కాదు, వరస మీద. "ప్రొఫెసరుకి చెప్పారు. పిల్లకి తెలుసు. కౌంటరులో గుమాస్తాకి తెలుసు. నేను నాలుగోదాన్నా?"

తర్వాత సుద్ద ముక్కతో బల్ల మీదే లెక్కేసింది. గుడ్డ ఎంత పడుతుందో లెక్కేసినట్టే. మూడేళ్ల ఫీజు నా ఏడు నెలల జీతం. క్లాసులు సాయంత్రం ఆరు నుంచి, అంటే ఆఫీసుల వాళ్ల పాఠాలు పోతాయి, నాకు ఎక్కువ డబ్బొచ్చేవి అవే. ఫీజు కడితే బండి వాటాకు డబ్బు చాలదు. ఎదురుగా 'రాబడి' అని రాసి, అక్కడ ఏమీ వేయకుండా నా వైపు చూసింది.

"గిట్టదండీ" అంది. సుద్ద మూల పెట్టింది. "గిట్టనివి నేనూ కుడతాననుకోండి ఒక్కోసారి. కొత్త రకం కాలరు చూస్తే చెయ్యి ఊరుకోదు. ముందు పరీక్ష పాసవ్వండి. పాసవకుండానే నా బుర్ర తినకండి."

జూన్ 18

మా అమ్మాయి చెప్పిన సంగతి. బండి వాటా మాట వినగానే వాళ్లమ్మ యూనిఫారాల కాంట్రాక్టరుకు ఫోన్ చేసి, ఈ ఏడాదితో ఆఖరని చెప్పేసిందట. నడుం నొప్పి భరించలేకపోతోంది. నిన్న అంత సుద్ద అరగదీసింది, ఈ మాట మాత్రం బల్ల మీద రాయలేదు.

ఫోన్ నంబరు వెతికి, డబ్బు వెనక్కిస్తారేమో కనుక్కుందామని కాలేజీకి చేశాను. దరఖాస్తు రుసుము తిరిగి ఇవ్వరట.

జూన్ 21

ప్రొఫెసరు గారితో బేరం కుదిరింది. గంట పాఠంలో నలభై నిమిషాలు ఆవిడ నడుపుతారు, ఇరవై నిమిషాలు బండి నీడలో ఆపి నాకు లెక్కలు చెబుతారు. స్టీరింగు మీద కాగితం పెట్టి రాస్తాను. మధ్యలో మోచెయ్యి తగిలి హారను మోగుతుంది.

"మీరు గుణకారంలో తప్పరు మాస్టారూ, గుర్తుల్లో తప్పుతారు. మైనస్సుని చూస్తే ప్లస్సు చేసేస్తారు."

నా గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

జూన్ 24

సాయంత్రం పాఠాలకు బదులు పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా పెడితే వస్తారా అని నేర్చుకునేవాళ్లలో ముగ్గురిని అడిగాను. ఇద్దరు వస్తామన్నారు. నర్సు గారైతే, "డ్యూటీ దిగి నేరుగా వస్తా, మీరు మొదలుపెట్టడమే ఆలస్యం" అన్నారు. మా ఆవిడకు చెప్పాను. మిషను ఆపి మరీ విన్నది.

జూన్ 27

ప్రొఫెసరు గారు లైసెన్సు పరీక్షలో మళ్లీ ఫెయిల్. రివర్సులో డ్రమ్ముకు తగిలించారు. నేను డ్రమ్మును సరిగ్గా నిలబెట్టి వచ్చేసరికి, ఆవిడే టీ తాగుదాం రమ్మన్నారు. పాకలో కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా భర్తకు ఫోన్ చేశారు. "తప్పాను! ఆ, రెండోసారి! డ్రమ్ము బాగానే ఉంది!"

నేను అలా ఒక్క ఫోన్ చేసుంటే సరిపోయేది, ఆ ఏప్రిల్‌లో.

జూన్ 28

రాశాను. ఎనిమిది లెక్కల్లో ఐదు పూర్తిగా, ఒకటి సగం. ఒక మైనస్సు దగ్గర చాలాసేపు కాపలా కాశాను.

జూన్ 30

ఫలితం నాలుగో తారీఖున. ఓనరుకు జవాబు ఇవాళ.

పొద్దున మా ఆవిడ టీ ఇస్తూ, "ఏం చెప్తున్నారు?" అంది. పాసవుతానో లేదో తెలియదు కదా, రెండు రోజులు గడువడుగుతానన్నాను.

"అంటే తప్పితే వాటా, నెగ్గితే చదువు. గోడ మీద పిల్లిలాగా." ఎదురుగా కూర్చుంది. "నేను కాంట్రాక్టరుతో మళ్లీ మాట్లాడా. సగం జతలే తీసుకుంటా, కత్తిరింపుకి ఒక మనిషిని పెట్టుకుంటా. మీ పొద్దుటి పాఠాల డబ్బు ఆమెకి పోతుంది. నడుం నాది కాబట్టి చెప్తున్నా, ఇది కుదురుతుంది. కానీ మీకు కావాలో వద్దో మీరు చెప్పాలి. పరీక్ష పేపరు కాదు చెప్పాల్సింది."

"కావాలి."

"దేనికి?"

ఈసారి నాన్నను అడ్డం పెట్టుకోలేదు. "ఏమో. అర్థమయినప్పుడు బాగుంటుంది" అన్నాను. నలభై మూడేళ్లవాడు చెప్పాల్సిన జవాబేనా అది! ఆవిడ మాత్రం, "సరే, అలా చెప్పండి మరి" అని గ్లాసు తీసుకుని లేచింది.

ఓనరుకు వద్దని చెప్పాను. నిండా మునిగినవాడికి చలేమిటని కారణం కూడా చెప్పాను. చాలాసేపు నా ముఖంలో జ్వరం కోసం వెతికాడు. వాటా నా తర్వాత చేరిన చిన్న మాస్టారికి ఇస్తానన్నాడు. చిన్న మాస్టారికి గేరు మార్చడం నేర్పింది నేనే. వచ్చే నెల నుంచి అతను నాకూ సగం ఓనరే.

జూలై 4

నలభై నాలుగు. కావాల్సింది నలభై.

ముందు మా ఆవిడకు ఫోన్ చేశాను.

జూలై 15

క్లాసులు మొదలై రెండో రోజు. ఇరవై ఆరు మందిమి. నా పక్క కుర్చీలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి, పగలు మందుల షాపులో పనిచేస్తుంది. లెక్చరరు మా అమ్మాయి కంటే మహా అయితే పదేళ్లు పెద్ద. నన్ను ఏమని పిలవాలో తెలియక, "మీరు, ఆ చివర" అంటాడు.

ఇవాళ బోర్డు మీద ఒక లెక్క ఇచ్చాడు. బండి వేగం రెట్టింపయితే, బ్రేకు వేశాక ఆగే దూరం ఎన్ని రెట్లవుతుంది?

"నాలుగు" అన్నాను. అసలు ఆలోచించనే లేదు. నోట్లోంచి కాదు, కుడికాల్లోంచి వచ్చింది.

"ఎలా?" అన్నాడు.

ఎలాగో చెప్పడం రాదు. పద్దెనిమిదేళ్లుగా తొక్కుతున్నాను, ఎప్పుడూ రాసి చూడలేదు. పక్కనున్న పిల్ల నాలుగు వరసల్లో రాసి చూపించింది, నాలుగే వచ్చింది. రాసినామెకే నమ్మకం కుదరలేదు. "అంకుల్, నిజంగా అంత తేడా ఉంటుందా? రెట్టింపు కదా ఉండాలి?"

"ఆదివారం ఖాళీయేనా?" అన్నాను.

జూలై 20

ఊరి చివర ఖాళీ స్థలంలో, పొద్దున ఏడింటికి. క్లాసు వాళ్లు ఐదుగురొచ్చారు. కొలవడానికి టేపు కావాలంటే మా ఆవిడ, "మీరు సరిగ్గా పట్టుకోరు" అని తనే వచ్చింది. మెడలో వేసుకున్న టేపు ఒకటిన్నర మీటరే. అయినా వేరేదాన్ని నమ్మదు.

కొత్తగా వచ్చిన రెండో బండిలో ఇరవై వేగంతో వచ్చి, సున్నం గీత దగ్గర బ్రేకు తొక్కాను. పిల్లలు టైర్ల దగ్గర గీత గీశారు. మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, వంగి కొలిచింది. రెండు టేపులు, పైన జానెడు. మూడు మీటర్ల ఇరవై.

నలభైతో వచ్చాను. ఈసారి వెనక సీట్లో ముగ్గురు కూర్చుని ముందే కేకలు మొదలుపెట్టారు. తొక్కాను. దుమ్ము లేచింది. మా ఆవిడ టేపు మార్చి మార్చి కొలుస్తూ వస్తోంది, మందుల షాపు పిల్ల పక్కనే వంగి నడుస్తూ ఎంచుతోంది. ఎనిమిది టేపులు, ఇంకో అర. పన్నెండు మీటర్ల డెబ్బై ఐదు.

"నాలుగే!" అని ఆ పిల్ల గంతేసింది. తను రాసిన లెక్క నేల మీద పడుకుని కనిపిస్తే అలాగే ఉంటుంది కాబోలు. నాకూ అలాగే ఉంది. బ్రేకు తొక్కింది నేనే, ఎందుకో తెలిసింది మాత్రం మొన్ననే.

"అరవైతో చూద్దాం అంకుల్!" అన్నారందరూ.

నేను ఎక్కబోయి ఆగాను. బానెట్టు మీద కాగితం పెట్టాను. మూడు రెట్ల వేగం, తొమ్మిది రెట్ల దూరం. ఇరవై ఎనిమిది మీటర్లు, పైన ఇంకొంచెం. సున్నం గీత నుంచి ఎదురుగా ఉన్న గోడకు ఎంతని అడిగితే, మా ఆవిడ అడుగులేసుకుంటూ వెళ్లి, వచ్చింది.

"ఇరవై ఐదు."

బండెక్కబోయిన పిల్లలు వెనక్కి తగ్గారు. తర్వాత మా ఆవిడ టేపు చుట్టి మెడలో వేసుకుంటూ, గోడనూ బండినీ మార్చి మార్చి చూసింది.

"చిన్న మాస్టారి సగం బండి మిగిలింది. ఇవాళ ఫీజులో ఎంత గిట్టినట్టండీ?"